ఎడమ చివర మూడు గీతలు

సాల్మ్ నది ఒడ్డున మూడో రోజు వాన.
దుకాణం తలుపు మీద అట్టను ఇవాళ తిప్పనే లేదు.
తిప్పినా వచ్చేదెవరు? నల్లపలకల కప్పుల కింద
గడ్డాలు ఎవరింట్లో వాళ్లకే పెరుగుతున్నాయి.

ఒడిలోన్ సానరాయిని సింకులో దించాను.
పైన వెన్న రంగు, అడుగున నీలం.
ఈ కొండల్లో రెండూ అతుక్కునే పుడతాయి.
నీలం ఆసరా లేకపోతే
పసుపు బిస్కెట్టులా విరిగిపోతుంది.
నేను పనిలో చేరిన ఏడు ఆ పసుపు వేలెడు మందం.
ఇప్పుడు గోరంత.

ముందు మురికి.
గోరువెచ్చని నీళ్లు, సబ్బు, పాత టూత్‌బ్రష్.
"మరిగే నీళ్లు పోయకు ఎమెలీన్, రాయి ఉలిక్కిపడుతుంది."
ఎన్నేళ్ల ఇనుమో, బూడిద చారలై కదిలి
గొట్టంలోకి జారిపోయింది.
ఒక మూల మరక మాత్రం మొండికేసింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను: కుట్టుమిషను నూనె.
రాయికి నూనెచుక్క తగిలితే చేతులు విరుస్తానన్న మనిషి
భార్య లెయోకదీ గుడ్డల కత్తెరని
దీనిమీదే నూరిపెట్టాడన్నమాట,
మేమెవరం లేని వేళ చూసుకుని.

తర్వాత పెన్సిల్.
అడ్డంగా ఏడు గీతలు, నిలువుగా మూడు.
రాయి లెక్కల పుస్తకంలా తయారైంది.
గాజు పలక మీద గరుకు కాగితం,
కాగితం మీద నీళ్లు, నీళ్ల మీద రాయి బోర్లా.
ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు తిప్పాలి.
నొక్కకూడదు. బరువు రాయిది,
దారి మాత్రమే నాది.

పాలు దిగాయి, మీగడ కట్టేంత చిక్కగా.
కంటికి ఆనని గోమేధికపు నలుసులుంటాయట ఇందులో,
ఉక్కును కొరికేది అవేనట.
ఎత్తి చూశాను. మూలల్లో గీతలు పోయాయి.
ఇంకో యాభై చుట్లు. అంచుల్లోనూ పోయాయి.
నడుమ గుంట ఉంటుందనుకున్నాను,
ఎవరి రాయైనా నడుమే కదా అరిగేది.
నడుమ కూడా శుభ్రం.
మిగిలింది ఎడమ చివర, బొటనవేలు మోపినంత చోట,
మూడు గీతలు,
ఇప్పుడే గీసినంత నల్లగా.

అక్కడెందుకు?
కత్తి రాయి పొడవంతా నడవాలి, మడమ నుంచి మొన దాకా.
నాకు చెప్పిన మొదటి పాఠం అదే. తప్పితే మొట్టికాయ.

చెయ్యి ఆపి నిలబడ్డాను.
చివరి రెండేళ్లు కాఫీ సగం కప్పే పొయ్యమనేవాడు.
గడ్డాలన్నీ నాకు వదిలేసి
"నీ చెయ్యి తేలికపడింది" అనేవాడు.
నేను పొంగిపోయేదాన్ని.
కత్తులు మాత్రం తనే నూరేవాడు
వెనకగదిలో, తలుపు గడియ పెట్టుకుని.
మోచెయ్యి బల్లకి, మణికట్టు రాయి అంచుకి ఆనించి
వణుకు కాస్త మాట వినే ఆ అంగుళంలోనే
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.
లెయోకదీకి తెలుసో లేదో.
రాయి దగ్గర దాచడం కుదరలేదు.

రేపు గ్రెగ్వార్ కూతురి పెళ్లి, తొమ్మిదికి గడ్డం.
మళ్లీ తిప్పాను. ఒక గీత పోయింది.
ఇంకాసేపటికి రెండోది.
మూడోదాని కోసం పోతే ఉన్న పసుపులో సగం పోతుంది,
అడుగున నీలం తొంగిచూస్తుంది.
ఆపేశాను. ప్రేమ అనుకోకండి, పొదుపు.
పదునైన అంచుల మీద రాయి పెంకుతో నాలుగు రుద్దులు రుద్ది,
ఉక్కు స్కేలు నిలబెట్టి కిటికీకేసి చూశాను.
అంతటా చీకటి గట్టిగా మూసుకుంది.
ఎడమ చివర మాత్రం
వెంట్రుకవాసి వెలుతురు.

ఆ అంగుళం వదిలి, మిగతా రాయి మీద
గ్రెగ్వార్ గడ్డానికి కత్తి నూరాను.
తోలు పట్టీ మీద ముప్పైసార్లు ఈడ్చాను.
తలలోంచి ఓ వెంట్రుక పీకి అంచు మీదకి దించాను.
మొదటిసారి వంగింది. రెండోసారీ వంగింది.
మూడోసారి
తెగిందో, వేళ్లలోంచి జారిందో,
ఈ వానవెలుగులో ఏమీ తెలియలేదు.